లెక్క సరిపోయిందా, సిస్టర్?

మాది పుత్తూరు అని చెప్పగానే ఎదుటివాళ్లు ఏమడుగుతారో నాకు ముందే తెలుసు. "కట్టు కడతారే, ఆ పుత్తూరేనా?" అవును, ఆ పుత్తూరే. చెయ్యి విరిగినా కాలు బెణికినా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పెట్టి కట్టి పంపించే ఊరు. చెన్నైలో కూడా ఎక్కడో ఒకచోట 'పుత్తూరు కట్టు' అని బోర్డు కనబడుతుంది. మా ఊరికి తమిళనాడు నంబరు ప్లేట్ల కార్లు ఎందుకొస్తాయో మాకెవరూ చెప్పక్కర్లేదు.

కత్తి పెట్టకుండా నయం చేస్తారని పేరున్న ఊళ్లో పుట్టి, నేను రోజూ కత్తులు లెక్కపెట్టే పని చేస్తున్నాను. నేను ఓటీ నర్సుని. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్.

ఈ ఉద్యోగం గురించి మా అవ్వకి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. అవ్వకి థియేటర్ అంటే సినిమా హాలే. "టికెట్లు చింపేదానికి మూడేండ్లు సదవాల్నా మే?" అని అడిగింది. నవ్వుకున్నాం. ఆ తర్వాత బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇంచుమించు అదే ప్రశ్న వేరే రకంగా అడగడం విన్నాను. "అంటే డాక్టర్‌కి కత్తెర అందిస్తావు, అంతేనా?"

అంతే కాదు. ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మగ్గం ఇంటి నుంచి ఓటీకి

మా నాయిన మరమగ్గం మీద పని చేసేవాడు. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు చుట్టుపక్కల పెరిగిన పిల్లలకి ఆ టకటక శబ్దమే జోలపాట. ఇంటర్ బైపీసీ చదివించాడు. డాక్టర్ సీటుకి ర్యాంకు రాలేదు. డబ్బు పెట్టి కొనే స్తోమత మాకు లేదు. తిరుపతిలో జీఎన్‌ఎంలో చేరాను. పొద్దున్నే రైలు. తడుకు, పూడి, రేణిగుంట, తిరుపతి. అనాటమీ పుస్తకం సగం ఆ రైల్లోనే చదివాను.

జీఎన్‌ఎం మూడేళ్లు. మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, ప్రసూతి, పిల్లల వార్డు... అన్నిచోట్లా కొన్ని వారాల చొప్పున పోస్టింగ్ వేస్తారు. అందులో ఓటీ కూడా ఒకటి. చాలామంది స్టూడెంట్లకి ఓటీ పోస్టింగ్ అంటే గోడకి ఆనుకుని నిలబడటమే. మొదటి రోజు మాకు చెప్పింది ఒకటే: "పచ్చ గుడ్డ కప్పిన దేన్నీ ముట్టుకోవద్దు. దానికి ఒక అడుగు దూరంలో నిలబడండి."

నాతో వచ్చినవాళ్లలో ఇద్దరికి కళ్లు తిరిగాయి. నా చూపు మాత్రం ట్రాలీ దగ్గర నిలబడ్డ సిస్టర్ చేతుల మీదే ఆగిపోయింది. డాక్టర్ ఏమీ అడగడం లేదు. ఊరికే చెయ్యి చాపుతున్నాడు. కావాల్సింది ఆ చేతిలో పడుతోంది. ఆమెకి ముందే ఎలా తెలుస్తోంది? ఆ ప్రశ్నే నన్ను ఈ వైపు లాగింది.

తలుపు వెనక ఎవరుంటారు?

సినిమాల్లో ఎర్ర బల్బు వెలుగుతుంది, బయట చుట్టాలు ఏడుస్తుంటారు, డాక్టర్ బయటికొచ్చి "సారీ" అంటాడు. లోపల ఆయనొక్కడే ఉన్నట్టు. నిజంగా అయితే ఒక మామూలు ఆపరేషన్‌కి కూడా లోపల ఐదారుగురం ఉంటాం. సర్జన్, అసిస్టెంట్, మత్తు డాక్టర్. వాళ్లతో పాటు మేము.

స్క్రబ్ నర్స్: చేతులు కడుక్కుని, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని ట్రాలీ దగ్గర ఉండే మనిషి. పనిముట్లు, సూదులు, దారాలు, గుడ్డలు అన్నీ ఆమె అధీనంలో ఉంటాయి.

ఫ్లోర్ నర్స్: సర్క్యులేటింగ్ నర్స్ అని కూడా అంటారు. గ్లవ్స్‌తో టేబుల్ దగ్గరికి రాదు. కొత్త ప్యాకెట్లు తెరవడం, లెక్క బోర్డు మీద రాయడం, తీసిన గడ్డ మీద సరైన పేరు రాసి ల్యాబ్‌కి పంపడం, రక్తం కోసం ఫోన్ చెయ్యడం ఈమె పని. గది మొత్తాన్ని చూసే కళ్లు ఈమెవే.

ఓటీ టెక్నీషియన్: టేబులు, లైట్లు, కాటరీ మెషిన్, ఎముకల ఆపరేషన్‌లో ఎక్స్‌రే తీసే సీ-ఆర్మ్, ఆటోక్లేవ్... వీటన్నిటికీ ఈయనే దిక్కు. రోగిని టేబుల్ మీద పడుకోబెట్టే తీరు కూడా ఒక విద్యే. చెయ్యి తప్పుగా వాల్చి గంటలసేపు వదిలేస్తే నరం నొక్కుకుపోయి, ఆపరేషన్ బాగా జరిగినా చెయ్యి పనిచేయకుండా పోవచ్చు. చాలా ఆసుపత్రుల్లో టెక్నీషియన్లే స్క్రబ్ కూడా అవుతారు. అమెరికాలో ఈ పని చేసేవాళ్లని సర్జికల్ టెక్నాలజిస్ట్ అంటారు.

ఎనస్థీషియా టెక్నీషియన్: మత్తు మెషిన్, ఆక్సిజన్, ట్యూబులు, సక్షన్ ముందే సరిచూసి పెట్టే మనిషి. మత్తు డాక్టర్ చెయ్యి చాపినప్పుడు ట్యూబు సైజు తప్పకూడదు.

చివరగా, రెండు కేసుల మధ్య గది తుడిచి శుభ్రం చేసే అక్క. ఆమె సరిగా చెయ్యకపోతే మా అందరి చదువూ దండగే.

ప్రెషర్ కుక్కరూ, నూలు నంబర్లూ

ఓటీలో నేర్చుకునే మొదటి విద్య చేతులు కడుక్కోవడం. నవ్వకండి. వేళ్ల కొసల నుంచి మోచేతి పైదాకా, నిమిషాలు లెక్కపెట్టి, చేతులు పైకెత్తి పట్టుకుని కడగాలి. నీళ్లు వేళ్ల నుంచి మోచేతి వైపు కారాలి గానీ వెనక్కి రాకూడదు. గౌను వేసుకున్నాక కూడా నడుము కింది భాగం, వీపు స్టెరైల్ కాదనే లెక్క. చేతులు ఎప్పుడూ ఛాతీకీ నడుముకీ మధ్యలోనే ఉండాలి. ముక్కు దురద పెట్టినా సరే. మొదటి నెల నాకు కల్లో కూడా ముక్కు దురద పెట్టేది.

రెండోది ఆటోక్లేవ్. అమ్మకి ఇలా చెప్పాను: "మన కుక్కర్‌కి పెద్దన్న అనుకో." ఒట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కొన్ని మొండి క్రిములు ఆ వేడికి చావవు. ఆవిరిని మూసిపెట్టి 15 పౌండ్ల ఒత్తిడి తెస్తే వేడి 121 డిగ్రీలకి చేరుతుంది. ఆ వేడిలో, ప్యాక్‌ని బట్టి 15 నుంచి 30 నిమిషాలు ఉంచితే అవీ చస్తాయి. ప్యాక్ మీద అంటించే టేపు మీద గీతలు నల్లబడితే అది వేడి తిన్నట్టు గుర్తు. టేపు చూడకుండా ప్యాక్ తెరవకూడదు.

మూడోది పేర్లు. ఆర్టరీ ఫోర్సెప్స్, మస్కిటో, ఎలిస్, బాబ్‌కాక్, నీడిల్ హోల్డర్, మేయో కత్తెర. చూడ్డానికి అన్నీ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎలిస్‌కి పళ్లుంటాయి, గట్టిగా పట్టుకుంటుంది. బాబ్‌కాక్‌కి పళ్లుండవు, అందుకే పేగుని నొప్పించకుండా పట్టుకుంటుంది. అందివ్వాల్సిన చోట ఒకటి బదులు ఇంకోటి ఇస్తే పేగుకి గాయం. బ్లేడ్లకీ నంబర్లున్నాయి. 10, 11, 15 నంబర్లు మూడో నంబరు పిడికి ఎక్కుతాయి. 22 నంబరుకి నాలుగో నంబరు పిడి కావాలి. చీకటి గదిలో స్క్రీన్ చూస్తూ చేసే లాప్రోస్కోపీలో ఇవన్నీ చేతి స్పర్శతో తెలియాలి. కత్తిని చేతి నుంచి చేతికి కాకుండా కిడ్నీ ట్రేలో పెట్టి అందించడం అన్నిటికంటే భద్రం. ఒకరి రక్తం అంటిన పదును ఇంకొకరి వేలికి తగిలితే హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ లాంటివి రావచ్చు. అందుకే ఓటీలో అడుగుపెట్టే ముందే హెపటైటిస్-బి టీకా వేయించుకోవాలి.

నాలుగోది దారాలు. ఇక్కడ మాత్రం నేను మిగతావాళ్ల కంటే ముందున్నాను. కుట్లు వేసే దారానికి 1-0, 2-0, 3-0 అని సైజులుంటాయి. సున్నా ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కంటి ఆపరేషన్‌లో వాడే 10-0 దారం వెంట్రుక కంటే సన్నం. క్లాసులో అందరూ తికమకపడ్డారు. ఇంటికొచ్చి చెబితే నాయిన అదేం పెద్ద విషయం అన్నట్టు చూశాడు. "మా నూలూ అంతే కదమ్మా. నలభయ్యో నంబరు కంటే ఎనభయ్యో నంబరు సన్నం." ఆ తర్వాత నేనెప్పుడూ తికమకపడలేదు.

గ్లవ్స్ ఎవరి కోసం పుట్టాయో తెలుసా?

ఇది నాకు ఇష్టమైన కథ. 1889 ప్రాంతంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అని పెద్ద సర్జన్. ఆయన ఓటీలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు. అప్పట్లో క్రిములు చావాలని చేతులు పాదరసం కలిసిన మందు నీళ్లలో ముంచేవాళ్లు. ఆమె చర్మం పుండ్లు పడిపోయింది. పని మానేసే పరిస్థితి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో ఆమె చేతుల కొలతకి పల్చటి గ్లవ్స్ చేయించాడు. మరుసటి ఏడాది ఇద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు.

సర్జరీలో రబ్బరు గ్లవ్స్ అలా, ఒక ఓటీ నర్సు చేతులు కాపాడ్డానికి వచ్చాయి. వాటివల్ల రోగికి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తేలింది ఆ తర్వాతే.

మనకి దగ్గర్లోనూ ఓ కథ ఉంది. మా వైపు పెద్దవాళ్లు పెద్ద జబ్బొస్తే "రాయవేలూరు తీసకపోండి" అంటారు. వేలూరు సీఎంసీ అన్నమాట. ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ 1909లోనే అక్కడ నర్సులకి శిక్షణ మొదలుపెట్టింది. మెడికల్ స్కూల్ వచ్చింది ఆ తర్వాత 1918లో. అంటే ముందు నర్సుల్ని తయారుచేసుకుని, తర్వాత డాక్టర్లని తయారుచేశారు. ఆసుపత్రి నడవాలంటే ముందు ఏం కావాలో ఆమెకి తెలుసు.

ఇక సర్జికల్ టెక్నాలజిస్టులు యుద్ధంలోంచి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో నర్సులు సరిపోక అమెరికా సైన్యం మామూలు సైనికులకే ఓటీ పని నేర్పింది. యుద్ధం అయిపోయినా ఆ పని పోలేదు. 1969లో వాళ్లకంటూ ఒక సంఘం ఏర్పడింది. తర్వాత చదువు, పరీక్ష, సర్టిఫికెట్ వచ్చాయి.

ఆ రాత్రి ఒకటి తక్కువైంది

ఇప్పుడు అసలు విషయం. మా పనిలో అన్నిటికంటే కష్టమైనది రక్తం చూడటం కాదు, గంటలు నిలబడటం కాదు. లెక్క చెప్పడం.

ఆపరేషన్ మొదలయ్యే ముందు పనిముట్లు, సూదులు, గాజ్ ముక్కలు, మాపులు లెక్కపెడతాం. మాప్ అంటే కడుపు లోపల రక్తం ఒత్తడానికి వాడే పెద్ద గుడ్డ. స్క్రబ్ నర్సూ, ఫ్లోర్ నర్సూ ఇద్దరూ పైకి వినబడేలా లెక్కపెట్టాలి. బోర్డు మీద రాయాలి. కడుపు మూసే ముందు మళ్లీ ఒకసారి. చర్మం కుట్టేటప్పుడు ఇంకోసారి. రక్తంలో తడిసిన గుడ్డ, పేగుల మధ్య పేగులాగే ఉంటుంది. కంటికి దొరకదు. లెక్కకే దొరుకుతుంది.

కొన్నేళ్ల క్రితం నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో చేసేదాన్ని. పేరు ఇక్కడ అనవసరం. అర్ధరాత్రి దాటాక ఒకాయన్ని తీసుకొచ్చారు. పేగుకి రంధ్రం పడి కడుపంతా చీము. వెంటనే తెరవాలి. నేను స్క్రబ్. పదిహేను మాపులతో మొదలుపెట్టాం. మధ్యలో ఇంకో ఐదు తీశాం. బోర్డు మీద ఇరవై.

మూసే ముందు లెక్కపెడితే పందొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాం. పందొమ్మిది. ఫ్లోర్ సిస్టర్ బకెట్ మొత్తం వంపి, ఒక్కొక్కటీ విడదీసి పరిచింది. టేబుల్ కింద చూసింది. తీసేసిన డ్రేపుల మడతల్లో చూసింది. పందొమ్మిదే. మత్తు డాక్టర్ బీపీ పడిపోతోందని, త్వరగా ముగించమని అంటున్నాడు. సర్జన్ కడుపులో మరోసారి చెయ్యి పెట్టి చూశాడు. "లోపల లేదు. మీరే లెక్క తప్పుంటారు. సూచర్ ఇవ్వు."

చెయ్యి చాపాడు. నేను నీడిల్ హోల్డర్‌కి దారం ఎక్కించి సిద్ధంగా పట్టుకుని ఉన్నాను. ఇవ్వలేదు.

"సార్, లెక్క సరిపోలేదు. ఒక మాప్ తక్కువుంది. దొరక్కుండా సూచర్ ఇవ్వలేను సార్."

నా గొంతు నాకే వింతగా వినిపించింది. గదిలో మానిటర్ బీప్ తప్ప ఇంకేం లేదు. ఆయన వయసు మా నాయిన వయసు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. రేపు ఈ ఉద్యోగం ఉంటుందా అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. ఇంట్లో తమ్ముడి కాలేజీ ఫీజు నా జీతంలోంచే పోయేది.

కానీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మగ్గం. పడుగులో ఒక్క పోగు తెగిందని తెలిసినా ఆపకుండా నేస్తే, గుడ్డ పొడవునా గీత పడుతుంది. తర్వాత ఎవరూ దాన్ని సరిచెయ్యలేరు. అందుకే నాయిన ఎంత తొందర్లో ఉన్నా మగ్గం ఆపి, పోగు ముడేసి, అప్పుడు మళ్లీ నడిపేవాడు.

సర్జన్ నా వైపు చూశాడు. మాస్కు పైన కళ్లు మాత్రమే కనబడతాయి కదా, ఆ కళ్లల్లో కోపం ఉంది. ఏమీ అనలేదు. మళ్లీ చెయ్యి పెట్టి ఈసారి పేగుల్ని ఒక్కో మడతా పక్కకి జరుపుతూ వెతికాడు. ఎడమవైపు పైన, ప్లీహం దగ్గర, చిన్న ముద్దలా నొక్కుకుని ఉంది. బయటికి తీసి నా ట్రాలీ పక్కన పడేశాడు.

"ఇరవై," అంది ఫ్లోర్ సిస్టర్.

"లెక్క సరిపోయింది సార్," అన్నాను నేను.

"సూచర్," అన్నాడాయన. నేనిచ్చాను. అంతే. ఆ విషయం గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు. మరుసటి రోజు మాత్రం ఆఫీసులో పిలిచి, "పెద్ద డాక్టర్లతో కాస్త మెల్లగా మాట్లాడటం నేర్చుకోమ్మా" అన్నారు. ఆ రోగి పదిహేను రోజులకి ఇంటికెళ్లాడు. ఆయనకి ఈ సంగతేమీ తెలీదు. నేనెవరో కూడా తెలీదు.

అలా లోపల ఉండిపోయిన గుడ్డకి వైద్యంలో ఒక పేరే ఉంది. గాసిపైబోమా. లాటిన్‌లో గాసిపియం అంటే పత్తి. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, కడుపునొప్పి, చీము, మళ్లీ ఆపరేషన్. మాపుల్లో ఎక్స్‌రేకి కనబడే దారం ఒకటి నేసి ఉంటుంది. ఎంత వెతికినా దొరక్కపోతే టేబుల్ మీదే ఎక్స్‌రే తీయాలి. అంత ఏర్పాటున్నా, ముందు ఎవరో ఒకరు "తక్కువుంది" అని నోరు తెరవాలి.

కాగితం మీద 19 ప్రశ్నలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. ఒకే పేజీ. 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, రోగి గది దాటే ముందు కొన్ని. పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ మందు పడదు... ఇలాంటివే. న్యూఢిల్లీతో సహా ప్రపంచంలో ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఇది వాడి చూశారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు.

అందులో నాకు నచ్చినవి రెండు. కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తన పేరూ, తన పనీ పైకి చెప్పాలి. ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన మనిషికి, తర్వాత ఏదైనా తేడా కనబడితే చెప్పడం తేలికవుతుంది. రెండోది, చివర్లో లెక్క సరిపోయిందని నోటితో చెప్పాల్సింది నర్సే. అంటే ఆ రాత్రి నేనన్న మాట నా పొగరు కాదు. నా డ్యూటీలో రాసి ఉన్న మాట.

మరి చదువు లేకుండా నిలబెడితే?

ఇక్కడే నా బాధ. చిన్న ఊళ్లలో కొన్ని నర్సింగ్ హోముల్లో ఏ కోర్సూ చెయ్యని పిల్లల్ని తక్కువ జీతానికి పెట్టుకుని, నాలుగు పనిముట్ల పేర్లు నేర్పి, ఓటీలో నిలబెడతారు. వాళ్ల చేతులు చురుకే. కష్టపడతారు కూడా. కానీ సర్జన్‌ని "ఆగండి సార్" అనగలరా? చేతిలో సర్టిఫికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పొమ్మంటే ఇంకోచోట ఉద్యోగం దొరుకుతుందన్న ధైర్యం లేదు. ఆ గదిలో చదువు విలువ అక్కడ తెలుస్తుంది. పనిముట్టు అందించడానికి చెయ్యి చాలు. అందించకుండా ఆపడానికి చదువూ, దాని వెనక చట్టమూ కావాలి.

చట్టం మెల్లగా వస్తోంది. నర్సులకి ఎప్పట్నుంచో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. టెక్నీషియన్లకి మాత్రం దేశం మొత్తానికి ఒకే పద్ధతి లేకపోయేది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. ఓటీ టెక్నాలజిస్టులు, ఎనస్థీషియా టెక్నాలజిస్టులు ఆ జాబితాలో ఉన్నారు. 'ఓటీ బాయ్' అని పిలిపించుకున్న మా అన్నలకి ఇప్పుడు చట్టంలో ఒక పేరుంది. ఆ పేరుతో పిలిచే అలవాటు మాత్రం ఇంకా రావాలి.

మీరు ఈ దారిలో రావాలనుకుంటే

ఇంటర్ తర్వాత రెండు దారులు. నర్సింగ్ అయితే జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. రిజిస్టర్ అయ్యాక ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చెయ్యొచ్చు. టెక్నాలజీ వైపైతే రెండేళ్ల పారామెడికల్ డిప్లొమా, లేదా మూడేళ్ల బీఎస్సీ, దాని మీద ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీలో చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి. గుర్తింపు ఉందా? సొంత ఆసుపత్రిలో రోజూ ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయి? కేసుల్లేని కాలేజీలో ఓటీ నేర్చుకోవడం, నీళ్లు లేని బావిలో ఈత నేర్చుకోవడమే.

తర్వాత జీవితం ఎలా ఉంటుందో కూడా చెబుతా. నైట్ డ్యూటీలు ఉంటాయి. పండగ రోజు ఫోన్ మోగుతుంది. గంటలు నిలబడి నిలబడి కాళ్లల్లో నరాలు ఉబ్బుతాయి. రోగి వెళ్తూ వెళ్తూ డాక్టర్‌కి దండం పెడతాడు, వార్డు సిస్టర్‌కి స్వీటు ప్యాకెట్ ఇస్తాడు. మాకేం ఉండదు, ఎందుకంటే మమ్మల్ని చూసేసరికే ఆయన మత్తులోకి జారుకుంటాడు.

మీరు టేబుల్ మీదకి రావాల్సి వస్తే

ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం మూడు విషయాలు. తినొద్దన్న టైంలో తినకండి. తింటే దాచకండి. "ఒక్క ఇడ్లీయే కదా" అని దాచినవాళ్లని చూశాను. మత్తులో ఆ ఇడ్లీ పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. చెబితే ఆపరేషన్ కాస్త వెనక్కి జరుపుతారు, అంతే. రెండోది, గోళ్ల రంగు తీసేసి రండి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్ వేలికే పెడతాం. మూడోది, మీ పేరేంటి, ఏ కాలు, ఏ ఆపరేషన్ అని ముగ్గురు మూడుసార్లు అడిగితే విసుక్కోకండి. "కేస్ షీట్‌లో ఉంది కదా" అనకండి. మీ నోటితో వినాలనే అడుగుతాం.

మా అవ్వకి మాత్రం చివరికి అర్థమైంది. పోయినేడు కంటిలో శుక్లం తీయించడానికి తీసుకెళ్లాను. నీడిల్ పెట్టకుండా చుక్కల మందుతోనే మొద్దుబార్చారు కాబట్టి మెలకువగానే ఉంది. బయటికొచ్చాక డాక్టర్ గురించి ఒక్క మాట చెప్పలేదు. "లోపల ఒగ పాప ఉన్నింది మే. నా చెయ్యి పట్టుకోని, నా పేరు అడిగింది. ఏ కన్నవ్వా అని అడిగింది. నువ్వు చేసేది అదేనా?"

అదే అవ్వా అన్నాను.

ఇప్పుడు మా ఓటీకి స్టూడెంట్లు పోస్టింగ్‌కి వస్తుంటారు. నేను వాళ్లని గోడకి ఆనుకుని నిలబడనివ్వను. బోర్డు దగ్గర నిలబెట్టి లెక్క చెప్పిస్తాను. మొదటి రోజు ఎవరికీ గొంతు పైకి రాదు. పెద్ద డాక్టర్లుంటారు కదా, గొణుగుతారు. "సార్‌కి వినబడలేదు, మళ్లీ చెప్పు" అంటాను. మొన్న సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక పాప, నాలుగో రోజు, సిజేరియన్ మధ్యలో చెయ్యి పైకెత్తింది. "అక్కా, గాజ్ ఒకటి తక్కువుంది."

సర్జన్ మేడం చేతులు ఆగాయి. అందరం వెతికాం. ఆ గాజ్ డ్రేపు మడతలో దొరికింది.

"లెక్క సరిపోయింది మేడం," అంది ఆ పాప. ఈసారి గది మొత్తానికి వినబడింది.